కంప్యూటర్ సందేహాలు: పదే పదే తెగిపోతున్న వైఫై

ఈ నెల అందిన ఉత్తరాలలో చాలా భాగం ల్యాప్‌టాప్ వైఫై గురించినవే కావడంతో ఈసారి శీర్షికను పూర్తిగా వాటికే కేటాయించాం. మెనూలలోని పేర్లను విండోస్ 11లో ఉన్నవి ఉన్నట్టుగా తెలుగు అక్షరాల్లో ఇచ్చాం.

ప్రశ్న: నేను జూనియర్ కాలేజీలో అధ్యాపకురాలిని. నా ల్యాప్‌టాప్ కొని మూడేళ్లయింది, విండోస్ 11 ఉంది. ఇంట్లో ఫైబర్ కనెక్షన్ ఉంది. రౌటర్ హాల్లో, నా బల్ల పడకగదిలో. ఆన్‌లైన్ క్లాసు మొదలుపెట్టాక పావుగంటకోసారి వైఫై తెగిపోతుంది. ఒక్కోసారి దానంతటదే వస్తుంది, ఒక్కోసారి ఆఫ్ చేసి ఆన్ చేస్తేగాని రాదు. అదే గదిలో అదే వైఫై మీద ఫోన్ చక్కగా నడుస్తోంది కాబట్టి తప్పు ల్యాప్‌టాప్‌దేనని అందరూ అంటున్నారు. షాపులో రెండుసార్లు విండోస్ కొత్తగా వేయించాను, తేడా లేదు. వేసవిలో స్క్రీన్ హింజ్ (మూత మడిచే కీలు) విరిగితే బాగుచేయించడం తప్ప దీనికి వేరే రిపేరు ఏదీ జరగలేదు. ఇక కొత్తది కొనాల్సిందేనా?
— ఒక పాఠకురాలు, నరసరావుపేట

సమాధానం: కొత్తది కొనే ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టండి. మీరు మాటవరసకు రాసిన ఆ హింజ్ రిపేరు మీదే మాకు ఎక్కువ అనుమానంగా ఉంది. అయితే మళ్లీ స్క్రూలు విప్పించే ముందు, పైసా ఖర్చు లేకుండా ఇంట్లోనే తేల్చుకోదగినవి కొన్ని ఉన్నాయి.

మొదట ఫోన్ చెబుతున్న సాక్ష్యం ఎంతవరకు నమ్మదగినదో చూడాలి. వైఫై నీరసించగానే చెప్పాపెట్టకుండా మొబైల్ డేటాకు మారిపోయే ఏర్పాటు చాలా ఫోన్లలో ఉంటుంది కాబట్టి, ల్యాప్‌టాప్‌లో నెట్ పోయిన ఆ అరనిమిషంలో మీ ఫోన్ నడిచింది సిమ్ మీదేమో మీకు తెలిసే అవకాశం లేదు. మొబైల్ డేటా ఆఫ్ చేసి, ఫోన్‌ను ల్యాప్‌టాప్ పక్కనే పెట్టి, వైఫై మీద ఒక వీడియో కాల్ చేసి చూడండి. యూట్యూబ్ వీడియో ఈ పరీక్షకు పనికిరాదు; అది కొంత భాగాన్ని ముందే దించుకుని ఉంచుకుంటుంది కనుక మధ్యలో కాసేపు నెట్ తెగినా బొమ్మ ఆగదు. ఫోన్‌లో కూడా కాల్ ఆగిపోతే మీ ల్యాప్‌టాప్ ఇన్నాళ్లూ లేని నింద మోసినట్టే.

ఫోన్ నిజంగానే నిలకడగా ఉంటే, తెగుతున్నది ఎక్కడో తేల్చాలి. ల్యాప్‌టాప్ నుంచి రౌటర్ దాకా గాలిలో సాగే దారి ఒకటి, రౌటర్ నుంచి బయటికి పోయే ఫైబర్ దారి ఇంకొకటి. వీటిలో ఏది తెగినా మీకు తెర మీద కనిపించే కష్టం ఒక్కటే. ఆ తేడా చూడకుండా విండోస్ మళ్లీ వేయడం షాపుల వాళ్లకు అలవాటైన పని. వాళ్లకు అది తేలిక, మీకు అది ఫైళ్లన్నీ కాపీ చేసుకుని తిరిగి ఎక్కించుకునే శ్రమ.

స్టార్ట్ మెనూలో కమాండ్ ప్రాంప్ట్ అని వెతికితే ఒక నల్లటి విండో తెరుచుకుంటుంది. అందులో ఐపీకాన్ఫిగ్ అని ఇంగ్లీషు అక్షరాల్లో (ఐ-పీ-సీ-ఓ-ఎన్-ఎఫ్-ఐ-జీ, మధ్యలో ఖాళీ లేకుండా) టైప్ చేసి ఎంటర్ నొక్కితే, వైఫై వివరాల కింద డీఫాల్ట్ గేట్‌వే అన్న వరుసకు ఎదురుగా 192.168.1.1 లాంటి అంకెలు కనిపిస్తాయి. అది మీ రౌటర్ చిరునామా. ఇప్పుడు పింగ్ అని టైప్ చేసి, ఖాళీ వదిలి ఆ చిరునామా, మళ్లీ ఖాళీ వదిలి ఒక అడ్డగీత, దానికి ఆనుకుని చిన్నబడి టి అక్షరం కొట్టి ఎంటర్ నొక్కండి. సుమారు సెకనుకొక వరుస చొప్పున రౌటర్ జవాబులు వస్తూనే ఉంటాయి. రెండో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, రౌటర్ చిరునామాకు బదులు గూగుల్ సర్వర్ చిరునామా అయిన 8.8.8.8 ఇచ్చి అదే పని చేయండి. రెండు విండోలనూ తెర మీద ఒక మూల పక్కపక్కన ఉంచుకుని మీ క్లాసు మీరు మొదలుపెట్టండి.

నెట్ ఆగినప్పుడు రౌటర్ విండోలో జవాబులు మామూలుగానే వస్తూ, గూగుల్ విండోలో మాత్రం రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్ అని పడుతుంటే, మీ ల్యాప్‌టాప్‌కూ వైఫైకీ ఏ రోగమూ లేదు. పోయింది బయటి లైను. ఆ సమయంలో ఫైబర్ పెట్టె మీద ఎల్-ఓ-ఎస్ అని గుర్తున్న దీపం ఎర్రగా వెలిగితే కనెక్షన్ ఇచ్చినవారికి ఆ మాటే చెప్పండి. నెట్ స్లోగా ఉందని చెప్పడం కంటే దానికి వాళ్లు త్వరగా కదులుతారు. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ ఒక్క క్షణంలో రౌటర్ ఆరిపోయి, మళ్లీ తేరుకోవడానికి రెండు మూడు నిమిషాలు తీసుకునే ఇళ్లు కూడా మన ఊళ్లలో తక్కువేమీ కాదు, కాబట్టి తెగిన సమయాన ఫ్యాను కూడా ఒకసారి తడబడిందేమో గమనించండి.

అలా కాక రౌటర్ విండోలోనే జవాబులు ఆగిపోతుంటే, లేదా రెండు మూడు మిల్లీసెకన్లుగా ఉండే జవాబు కాలం వందల్లోకి ఎగబాకి ఆ తరువాత తెగుతుంటే, తప్పు గాలి దారిలోనో ల్యాప్‌టాప్‌లోనో ఉన్నట్టు. అప్పుడు ల్యాప్‌టాప్‌ను హాల్లోకి తీసుకెళ్లి, రౌటర్‌కు ఆరేడు అడుగుల దూరంలో పెట్టి ఇదే పరీక్ష తిరిగి చేయండి. అక్కడ ఒక్కసారి కూడా తెగకపోతే మధ్యలోని గోడ, ఇనుప బీరువా, నిలువుటద్దం వంటివి సిగ్నల్‌ను తినేస్తున్నాయని అర్థం. రౌటర్‌ను టీవీ వెనక నుంచి తీసి గుమ్మానికి ఎదురుగా ఎత్తులో పెట్టడంతోనే చాలా ఇళ్లలో పని జరిగిపోతుంది. రౌటర్ పక్కన కూర్చున్నా తెగుతూనే ఉంటే ఇక చూడవలసింది ల్యాప్‌టాప్‌నే.

ల్యాప్‌టాప్‌లో ముందుగా అనుమానించదగినది బ్యాటరీ ఆదా కోసం వైఫై కార్డును నిద్రపుచ్చే ఏర్పాటు. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరిచి, నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద వైఫై లేదా వైర్‌లెస్ అని ఉన్న పేరు మీద రెండుసార్లు క్లిక్ చేయండి. పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో కంప్యూటర్ ఈ పరికరాన్ని ఆపేయవచ్చని అనుమతించే మొదటి పెట్టెలోని టిక్కు తీసేయండి. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో ఆ ట్యాబ్ కనిపించదు; అలాంటప్పుడు సెట్టింగ్స్‌లోని పవర్ మోడ్‌ను బెస్ట్ పెర్ఫార్మెన్స్‌కు మార్చి చూడండి. చార్జర్ పెట్టి ఉన్నప్పుడు బాగుండి, బ్యాటరీ మీద ఉన్నప్పుడు మాత్రమే తెగే వైఫైకి మందు సాధారణంగా ఇక్కడే దొరుకుతుంది.

తరువాతది డ్రైవర్, అంటే వైఫై కార్డును విండోస్ వాడుకునేలా చేసే చిన్న ప్రోగ్రాము. మీరు రెండుసార్లు విండోస్ వేయించినా తేడా లేకపోవడానికి ఒక కారణం, ప్రతిసారీ విండోస్ తనంతట తాను అదే డ్రైవర్‌ను ఎక్కించుకుని ఉండవచ్చు. ల్యాప్‌టాప్ తయారీదారు వెబ్‌సైట్‌లో మీ మోడల్ నంబరు ఇచ్చి, అక్కడున్న వైఫై డ్రైవర్‌ను దించి వేసుకోండి. డ్రైవర్లన్నీ తామే సరిచేస్తామని ప్రకటనలిచ్చే ప్రోగ్రాముల జోలికి వెళ్లకండి. అవి తెచ్చే తలనొప్పులకు ఇంకో నెల శీర్షిక కావాలి. డ్రైవర్ వేశాక షట్‌డౌన్ కాదు, రీస్టార్ట్ చేయండి. ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఆన్‌లో ఉన్న యంత్రాల్లో షట్‌డౌన్ చేసినప్పుడు విండోస్ తన లోపలి స్థితిని డిస్క్ మీద దాచుకుని, మళ్లీ ఆన్ చేయగానే దాన్నే తిరిగి తెచ్చుకుంటుంది. అంతా మొదటి నుంచి మొదలయ్యేది రీస్టార్ట్‌తోనే. రోజూ రాత్రి షట్‌డౌన్ చేస్తున్నా పాత చిక్కు మరునాడు పొద్దున్న అలాగే ఎదురవడానికి కారణం ఇదే.

ఇవేవీ పనిచేయకపోతే హింజ్ దగ్గరికి వద్దాం. ల్యాప్‌టాప్ వైఫై కార్డు సాధారణంగా కీబోర్డు కింద ఉంటుంది గాని, దాని యాంటెనాలు చాలా మోడళ్లలో మూతలో, తెర అంచుల వెంట ఉంటాయి. సన్నటి రెండు తీగలు, చాలావరకు ఒకటి నల్లది ఒకటి తెల్లది, మూత నుంచి హింజ్ గుండా కిందికి దిగి కార్డు మీద బొత్తాల్లా నొక్కుకుని ఉంటాయి. ఆ బొత్తాల అడ్డుకొలత సుమారు రెండు మిల్లీమీటర్లు మాత్రమే. హింజ్ మార్చేటప్పుడు ఈ తీగలను ఊడదీయడమో పక్కకు జరపడమో తప్పదు, తిరిగి పెట్టేటప్పుడు బొత్తం సగమే నొక్కుకోవడం, తీగ హింజ్ ఇనుము కింద పడి నలగడం మామూలే. అప్పుడు కార్డు బతికే ఉంటుంది, డ్రైవర్ బాగానే ఉంటుంది, నెట్‌వర్క్ పేరూ కనిపిస్తుంది. కార్డుకు వినికిడి మాత్రమే తగ్గిపోతుంది. విండోస్‌ను ఎన్నిసార్లు వేసినా ఆ తీగ అతుక్కోదు.

దీన్ని మూత విప్పకుండానే పట్టుకోవచ్చు. రౌటర్ పక్కన కూర్చున్నా సిగ్నల్ గీతలు నిండుగా లేకపోవడం మొదటి సూచన. కమాండ్ ప్రాంప్ట్‌లో ఎన్-ఈ-టీ-ఎస్-హెచ్ అనే అయిదక్షరాలు, ఖాళీ, డబ్ల్యూ-ఎల్-ఏ-ఎన్, ఖాళీ, షో, ఖాళీ, ఇంటర్‌ఫేసెస్ అని టైప్ చేస్తే సిగ్నల్ ఎంత శాతమో అంకెల్లోనే చూపిస్తుంది. లొకేషన్ అనుమతి కావాలని అడిగితే సెట్టింగ్స్‌లో ఇచ్చి మళ్లీ చేయండి. ఆరడుగుల దూరంలో ఇది తొంభై దాటి ఉండాలి. మూతను నెమ్మదిగా వంచుతూ ఒక్కో కోణంలో ఆగి అదే కమాండ్ మళ్లీ ఇచ్చి చూడండి. మూత కదిలినప్పుడల్లా ఎనభై ఉన్నది నలభైకి పడిపోతూ లేస్తూ ఉంటే నలిగిన తీగను కంటితో చూసినట్టే. హింజ్ బాగుచేసిన షాపుకే తీసుకెళ్లి, విండోస్ ఊసెత్తకుండా, వైఫై యాంటెనా తీగలు చూడమని అడగండి. బొత్తం ఊడి ఉంటే నొక్కడానికి నిమిషం పట్టదు. తీగ తెగి ఉంటే యాంటెనా జత మార్చాలి, అదీ పెద్ద ఖర్చు కాదు.

తీగలు రెండూ బాగుండి కార్డే చెడిందని తేలితే దాన్ని మార్చే ముందు ఒక మాట. కొన్ని ల్యాప్‌టాప్‌లలో కార్డు మదర్‌బోర్డుకే అతికించి ఉంటుంది, మారదు. మారేవాటిలో కూడా ఇంటెల్ ఏఎక్స్211 వంటి కార్డులు తమకు అనువైన ఇంటెల్ ప్రాసెసర్లున్న యంత్రాల్లోనే పనిచేస్తాయి. ఏఎక్స్210 అనేది మామూలు స్లాటులో పనిచేసే రకం. ఒక్క అంకె తేడాతో కొన్నది వృథా అవుతుంది కనుక పాత కార్డు మీది లేబుల్ ఫొటో తీసుకుని షాపుకు వెళ్లండి. ఈ తతంగమంతా వద్దనుకుంటే యూఎస్‌బీ వైఫై డాంగిల్ ఒకటి పెట్టుకోవచ్చు. చూడటానికి అందంగా ఉండదు గాని క్లాసు ఆగదు.

ప్రశ్న: మాది కూకట్‌పల్లిలో అయిదంతస్తుల అపార్ట్‌మెంటు. నా ల్యాప్‌టాప్ పాతదే అయినా పగలంతా బాగా పనిచేస్తుంది. సాయంత్రం ఏడు దాటిందంటే వైఫై ఉన్నట్టే ఉంటుంది, పేజీలు కదలవు. వైఫై జాబితా తెరిస్తే పాతిక పేర్లు కనిపిస్తున్నాయి. నెట్ ఇచ్చినవాళ్లు తమ లైనులో లోపం లేదంటున్నారు.
— ఒక పాఠకుడు, హైదరాబాద్

సమాధానం: వాళ్లు నిజమే చెబుతున్నారని మీ పాతిక పేర్లే చెబుతున్నాయి. వైఫై వాడుకునే రేడియో తరంగాల శ్రేణుల్లో (బ్యాండ్‌లలో) ఒకటైన 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో మన దేశంలో 13 చానళ్లు ఉన్నా, వాటి మధ్య ఎడం 5 మెగాహెర్ట్జ్ మాత్రమే, ఒక్కో వైఫైకి కావలసిన వెడల్పేమో 20 మెగాహెర్ట్జ్. అందువల్ల ఒకదాని మీద ఒకటి పడకుండా ఇమిడేవి 1, 6, 11 అనే మూడే. సాయంత్రం అందరూ ఇళ్లకు చేరి టీవీలు పెట్టగానే పాతిక రౌటర్లు ఆ మూడింటి కోసం వంతులు వేసుకుంటాయి. సిగ్నల్ గీతలు బలాన్ని చూపిస్తాయే తప్ప రద్దీని చూపించవు, అందుకే గీతలు నిండుగా ఉండి కూడా పేజీ కదలదు. వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఈ బ్యాండ్‌లోనే పనిచేస్తుంది, అది తిరుగుతున్నంతసేపూ పక్క గది వైఫై ఇబ్బంది పడవచ్చు.

దీనికి సరైన దారి వైఫై వాడే ఇంకో బ్యాండ్ అయిన 5 గిగాహెర్ట్జ్‌కు మారడం. మన దేశంలో 2018లో ఈ బ్యాండ్‌లో లైసెన్సు అవసరం లేని చోటును బాగా పెంచారు, పైగా దీని తరంగాలు గోడలు దాటడంలో బలహీనం కాబట్టి పొరుగువారి వైఫై మీ ఇంట్లోకి అంతగా రాదు. అదే కారణంగా మీ ఇంట్లో కూడా రెండు గోడల అవతల అది నీరసిస్తుంది. రౌటర్ ఉన్న గదిలోనో పక్క గదిలోనో కూర్చోవలసి ఉంటుంది. రౌటర్ రెండు బ్యాండ్‌లకూ ఒకే పేరు పెట్టి ఉంటే, రౌటర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి 5 గిగాహెర్ట్జ్‌కు వేరే పేరు పెట్టి ల్యాప్‌టాప్‌ను దానికే కలపండి. రౌటర్‌ను తెలివిగా ఎంచుకోనివ్వాలనే సలహా కాగితం మీద బాగుంటుంది గాని, పాత ల్యాప్‌టాప్‌లు ఒకసారి 2.4ను పట్టుకుంటే వదలవు.

మీ పాత ల్యాప్‌టాప్‌కు 5 గిగాహెర్ట్జ్ అసలు వినిపిస్తుందా అన్నది ముందు చూసుకోండి. పై సమాధానంలోని ఎన్-ఈ-టీ-ఎస్-హెచ్ కమాండ్‌లో ఇంటర్‌ఫేసెస్‌కు బదులు డ్రైవర్స్ అని కొడితే, రేడియో టైప్స్ సపోర్టెడ్ అన్న వరుసలో 802.11 తరువాత వచ్చే అక్షరాలు కనిపిస్తాయి. ఏ గాని, ఏసీ గాని ఉంటే 5 గిగాహెర్ట్జ్ పనిచేస్తుంది. బీ, జీ, ఎన్ మాత్రమే ఉంటే పనిచేయకపోవచ్చు. పనిచేస్తుందని ఉండి కూడా పేరు కనిపించకపోతే రౌటర్‌లో చానల్‌ను 36 నుంచి 48 లోపు ఒకటిగా మార్చి చూడండి. రాడార్లతో పంచుకునే 52 నుంచి 144 దాకా ఉన్న చానళ్లను కొన్ని కార్డులు పట్టించుకోవు. అస్సలు లేదంటే రౌటర్‌లో 2.4 చానల్‌ను ఆటో నుంచి తీసి 1, 6, 11లో ఖాళీగా ఉన్నదానికి, వెడల్పును 40 నుంచి 20కి మార్చండి. ఖాళీ చానల్‌ను చూపించే ఉచిత యాప్‌లు ఆండ్రాయిడ్ ఫోన్లకు దొరుకుతాయి, సాయంత్రం ఏడు తరువాతే చూడండి. అయినా ఆ ల్యాప్‌టాప్‌తో ఉద్యోగమే చేస్తుంటే, రౌటర్ నుంచి బల్ల దాకా ఒక ల్యాన్ తీగ లాగించుకోవడం అన్నిటికన్నా మేలు.

ప్రశ్న: ఫొటోల కోసం ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ పెట్టగానే ల్యాప్‌టాప్‌లో వైఫై పడిపోతోంది, వైర్‌లెస్ మౌస్ కూడా తడబడుతోంది. డిస్క్ తీసేస్తే రెండూ సర్దుకుంటున్నాయి. వైరస్ అయి ఉంటుందా?
— ఒక పాఠకుడు, కాకినాడ

సమాధానం: వైరస్ కాదు. యూఎస్‌బీ 3.0 పరికరాలు వేగంగా డేటా పంపేటప్పుడు వాటి తీగ, కనెక్టర్ల నుంచి వెలువడే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ దాకా వ్యాపిస్తుందని ఇంటెల్ సంస్థ 2012లోనే ఒక పత్రంలో వివరించింది. మీ మౌస్, వైఫై రెండూ ఆ బ్యాండ్‌లోనే ఉన్నాయి. డిస్క్‌ను ల్యాప్‌టాప్ రెండో వైపు పోర్టుకు మార్చి, పొట్టి తీగ బదులు మూడడుగుల మంచి తీగ వాడి డిస్క్‌ను దూరంగా పెట్టండి. వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కు మారిస్తే అటువైపు ఇబ్బందే ఉండదు. మౌస్ రిసీవర్‌ను మాత్రం డిస్క్ పోర్టుకు ఎదుటి వైపున పెట్టుకోండి.

ప్రశ్న: నిన్న విండోస్ అప్‌డేట్ అయ్యాక వైఫై గుర్తే మాయమైంది. సెట్టింగ్స్‌లో కూడా వైఫై అన్న మాట లేదు. డ్రైవర్ దించుకుందామంటే నెట్ లేదు!
— ఒక విద్యార్థి, నిజామాబాద్

సమాధానం: నెట్ సంగతి ముందు చూద్దాం. ఆండ్రాయిడ్ ఫోన్‌ను చార్జింగ్ తీగతో ల్యాప్‌టాప్‌కు కలిపి, ఫోన్ సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్ కింద ఉండే యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. ఫోన్ వైఫై మీద ఉంటే ఆ వైఫైనే ల్యాప్‌టాప్‌కు అందిస్తుంది, మీ సిమ్ డేటా ఖర్చు కాదు.

డ్రైవర్ దించే ముందు ల్యాప్‌టాప్ ఆపేసి, చార్జర్ తీసి, పవర్ బటన్‌ను అరనిమిషం నొక్కి పట్టుకుని, ఆ తరువాత ఆన్ చేయండి. బిగుసుకుపోయిన కార్డు ఇంత మాత్రానికే తిరిగి కనిపించడం తరచుగా జరుగుతుంది. రాకపోతే డివైస్ మేనేజర్‌లో వైఫై పేరు పక్కన పసుపుపచ్చ హెచ్చరిక గుర్తు ఉందేమో చూడండి. ఉంటే ప్రాపర్టీస్‌లో డ్రైవర్ ట్యాబ్‌కు వెళ్లి రోల్ బ్యాక్ డ్రైవర్ నొక్కితే అప్‌డేట్‌కు ముందున్నది తిరిగి వస్తుంది. ఆ బటన్ మసకగా ఉంటేనే తయారీదారు వెబ్‌సైట్‌కు వెళ్లండి. నెట్‌వర్క్ రీసెట్‌ను చివరికి ఉంచుకోండి, దాచుకున్న వైఫై పాస్‌వర్డులన్నీ దానితో పోతాయి. డివైస్ మేనేజర్ వ్యూ మెనూలో షో హిడెన్ డివైసెస్ పెట్టినా కార్డు పేరు జాబితాలో ఎక్కడా లేకపోతే తప్పు అప్‌డేట్‌ది కాకపోవచ్చు, కార్డు స్లాటులో కదిలిందో పోయిందో విప్పి చూడవలసిందే.

ప్రశ్న: వైఫై కలిసే ఉంటుంది, కానీ పొద్దున్నే ఏ సైటు తెరిచినా భద్రత లేదని హెచ్చరిక వస్తోంది. కాసేపటికి నేను కొంత కెలికాక బాగవుతోంది. ల్యాప్‌టాప్ చాలా పాతది.
— ఒక పాఠకుడు, తాడేపల్లిగూడెం

సమాధానం: హెచ్చరిక వచ్చినప్పుడు తెర మూలన తేదీ చూడండి. ఏళ్ల కిందటి తేదీ కనిపిస్తే వైఫైని వదిలేయవచ్చు. ప్రతి సైటు భద్రతా పత్రానికీ మొదలు, గడువు తేదీలు ఉంటాయి, మీ గడియారం వెనకబడి ఉంటే ఆ పత్రం ఇంకా అమల్లోకే రాలేదని బ్రౌజర్ అనుకుంటుంది. రాత్రంతా ఆపి ఉంచితే గడియారం ఆగిపోతోందంటే మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోయిందన్నమాట. పాత ల్యాప్‌టాప్‌లలో అది ఎక్కువగా సీఆర్2032 అనే 3 వోల్టుల బిళ్ల. చాలావాటిలో దానికి రెండు తీగలు, చిన్న కనెక్టరు అతికించి ఉంటాయి కాబట్టి వాచీ షాపులో దొరికే ఒట్టి బిళ్ల సరిపోదు, తీగలతో ఉన్నదే అడగండి.